గేమ్ ప్రపంచం కట్టాలంటే మొదట ఏ త్రీడీ సాఫ్ట్‌వేర్ పట్టుకోవాలి?

బ్లెండర్ నేర్చుకోవాలా, మాయా నేర్చుకోవాలా, స్కెచప్ సరిపోదా అని అడిగేవాళ్లను నేను ముందు ఒకటే అడుగుతాను. మీ గేమ్‌లో కెమెరా ఎక్కడుంటుంది? చాలామంది దీని గురించి ఆలోచించి ఉండరు. "ఓపెన్ వరల్డ్ చేద్దామనుకుంటున్నా" అంటారు, అక్కడితో సరి. కానీ సాఫ్ట్‌వేర్ సంగతి సగం ఇక్కడే తేలిపోతుంది. పైనుంచి ఊరంతా కనిపించే గేమ్ అయితే ఇంటి కప్పు, దాని రంగు, నీడ బాగుంటే చాలు, తలుపు గొళ్లెం ఎవరూ చూడరు. అదే ఆటగాడు ఆ తలుపు తోసుకుని లోపలికి వెళ్లే గేమ్ అయితే గొళ్లెం, గడప, గడపకు రాసిన పసుపు, గోడ మూలన పెచ్చులూడిన సున్నం, అన్నీ కావాలి. ఇక దిమ్మెలు పేర్చినట్టుండే మైన్‌క్రాఫ్ట్ తరహా ప్రపంచమైతే ఈ రెండింటి గొడవా లేదు, దానికి వేరే టూల్స్ ఉన్నాయి, అవి చాలా తేలిక కూడా.

కాబట్టి డౌన్‌లోడ్ బటన్ నొక్కేముందు ఒక కాగితం మీద రెండు ముక్కలు రాసుకోండి: ఆటగాడు వస్తువులకు ఎంత దగ్గరగా వస్తాడు, వాటిలో తిన్నని గీతలున్నవి ఎన్ని (గోడలు, మెట్లు, స్తంభాలు), వంపులున్నవి ఎన్ని (రాళ్లు, చెట్లు, విగ్రహాలు). తిన్నని గీతలున్నవి ఎక్కువుంటే దాదాపు ఏ సాఫ్ట్‌వేరైనా నెట్టుకొస్తుంది. వంపులున్నవి ఎక్కువుంటే స్కల్ప్టింగ్ (బంకమట్టిలా ఒత్తుతూ ఆకారం తేవడం) ఉన్నది కావాలి, అప్పుడు లిస్టు చటుక్కున చిన్నదైపోతుంది.

మీ లాప్‌టాప్ ఏమంటుంది?

దీని గురించి వీడియోల్లో పెద్దగా మాట్లాడరు. బ్లెండర్ వాళ్లు కనీసం 8 జీబీ ర్యామ్, 2 జీబీ గ్రాఫిక్స్ మెమరీ ఉండాలంటారు, హాయిగా నడవాలంటే 32 జీబీ ర్యామ్, 8 జీబీ గ్రాఫిక్స్ మెమరీ అంటారు. ఆ రెండో లెక్క చూసి మన కాలేజీ పిల్లలు సగం మంది అక్కడే ఆగిపోతారు. అంత టెన్షన్ అక్కర్లేదు. బరువంతా ఫైనల్ రెండరింగ్‌లోనూ (పూర్తయిన బొమ్మను కంప్యూటర్ లెక్కకట్టి గీయడం), లక్షల పాలిగాన్లతో (మోడల్ ఉపరితలాన్ని ఏర్పరిచే చిన్న చిన్న పలకలు) చేసే స్కల్ప్టింగ్‌లోనూ ఉంటుంది. గేమ్‌కి మనం బ్లెండర్‌లో రెండర్ చేసేది ఏమీ ఉండదు, బొమ్మ చూపించే పని గేమ్ ఇంజిన్‌ది, అంటే అన్‌రియల్, గోడో లాంటి గేమ్‌ని నడిపే సాఫ్ట్‌వేర్‌ది. గోడలు, స్తంభాలు, ఇళ్లు చేసుకోవడానికి మామూలు 8 జీబీ లాప్‌టాప్ కిందామీదా పడైనా లాక్కొస్తుంది. నిజంగా మెషీన్‌ను నమిలేసేది ఇంజిన్. అన్‌రియల్ 5 పెట్టుకోవాలంటే డిస్కులో పదుల జీబీలు ఖాళీ చేసుకోవాలి, మంచి గ్రాఫిక్స్ కార్డు లేకపోతే ప్రతి క్లిక్కుకీ ఓపిక పట్టాలి. గోడో అయితే చిన్న జిప్ ఫైలు, తెరిస్తే నడిచిపోతుంది. పాత లాప్‌టాప్ ఉన్నవాళ్లు రెండో మాట లేకుండా గోడో దగ్గర మొదలుపెట్టండి.

మరో చిన్న విషయం, కానీ మొదటి రోజే విసుగు తెప్పించేది ఇదే. బ్లెండర్‌లో సీన్ చుట్టూ తిరిగి చూడాలంటే మౌస్ మధ్య చక్రం నొక్కిపట్టి తిప్పాలి, ముందు నుంచీ పక్క నుంచీ చూడాలంటే కీబోర్డు కుడివైపు నంబర్లు వాడాలి. చిన్న లాప్‌టాప్‌లలో రెండూ ఉండవు. ప్రిఫరెన్సెస్‌లో ఇన్‌పుట్ అన్న చోట మూడు బటన్ల మౌస్‌ని, నంబర్‌ప్యాడ్‌ని అనుకరించే ఆప్షన్లు రెండున్నాయి, వాటికి టిక్ పెట్టుకుంటే టచ్‌ప్యాడ్ మీద కూడా పని నడుస్తుంది. నడుస్తుందంతే, సుఖం ఉండదు. చక్రం ఉన్న మామూలు మౌస్ ఒకటి కొనుక్కోండి. ఈ మొత్తం వ్యవహారంలో మొదట్లో డబ్బు పెట్టాల్సింది దానికొక్కదానికే.

కాలేజీ ల్యాబ్‌లో ఇన్‌స్టాల్ చేయడానికి పర్మిషన్ ఇవ్వరు కదా అంటారేమో, బ్లెండర్‌కి జిప్ రూపంలో పోర్టబుల్ వెర్షన్ ఉంది, పెన్‌డ్రైవ్‌లో పెట్టుకెళ్లి అక్కడే తెరుచుకోవచ్చు.

ఎవరికి ఏది

దిమ్మెల ప్రపంచానికి మ్యాజికావాక్సెల్. ఉచితం, ఇన్‌స్టాల్ గొడవ లేదు, కుంచె పట్టుకుని చిన్న చిన్న ఘనాలు అంటించుకుంటూ పోవడమే. ఒక్కో మోడల్ ఒక్కో వైపు 256 ఘనాల వరకు పోతుంది, అంతకంటే పెద్దది కావాలంటే ముక్కలుగా చేసుకుని పేర్చుకోవాలి. చూడ్డానికి పిల్లల ఆటలా ఉంటుంది గానీ లైటింగ్ పెట్టి చూస్తే ఆశ్చర్యపోతారు.

బ్లాక్‌బెంచ్ ఇంకోటి. బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది, ఓపెన్ సోర్స్, మైన్‌క్రాఫ్ట్ మోడల్స్ చేసేవాళ్లలో దీనికి మంచి పేరుంది, కానీ మామూలు లో-పాలీ (తక్కువ పాలిగాన్లున్న) వస్తువులకు కూడా బ్రహ్మాండంగా పనికొస్తుంది. దీంట్లో నాకు నచ్చేది ఏంటంటే మోడల్ చేసిన చోటే టెక్స్చర్ (ఉపరితలానికి అంటించే బొమ్మ) కూడా పెయింట్ చేసుకోవచ్చు, యూవీ (ఆ బొమ్మలో ఏ భాగం మోడల్ మీద ఎక్కడ పడాలో చెప్పే లెక్క) అనే మాట వినకముందే పిల్లవాడు పెట్టెకి రంగులేసి గేమ్‌లో పెట్టేసుకుంటాడు. ఇంట్లో హైస్కూల్ వయసు పిల్లలు గేమ్ చేస్తానని సతాయిస్తుంటే బ్లెండర్ జోలికి పోకుండా ఇది తెరిచి ఇవ్వండి.

స్కెచప్ సివిల్, ఆర్కిటెక్చర్ చదివేవాళ్లకు ముందే తెలుసు. గీత గీసి, ముఖాన్ని (గీతల మధ్య ఏర్పడిన పలకను) పట్టుకుని లాగితే గోడ లేస్తుంది, అంత తేలిగ్గా ఇల్లు కట్టే సాఫ్ట్‌వేర్ ఇంకోటి లేదనే అంటాను. అయితే అది భవనాల డ్రాయింగుల కోసం పుట్టింది, గేమ్ కోసం కాదు. ఉచితంగా ఇచ్చే వెబ్ వెర్షన్ సొంత వాడకానికే, దాంతో చేసింది అమ్ముకోవడానికి లేదు, గేమ్ ఇంజిన్లకు సూటిగా పనికొచ్చే ఫార్మాట్లలో ఎక్స్‌పోర్ట్ చేయడానికీ వీలుండదు. డబ్బు కట్టి ఎక్స్‌పోర్ట్ చేసినా కొన్ని ముఖాలు తిరగబడి, మెష్ (పాలిగాన్లన్నీ కలిసిన వల) చిందరవందరగా వస్తుంది, మళ్లీ బ్లెండర్‌లో పెట్టి సర్దుకోవాల్సిందే. మీకు స్కెచప్ చేతికి అలవాటుంటే లేఅవుట్ దాంట్లో వేసుకోండి. కొత్తగా నేర్చుకునేవాళ్లు మాత్రం గేమ్ కోసం అటు పోవద్దు. స్కూళ్లలో నేర్పే టింకర్‌క్యాడ్ సంగతీ అంతే, అది త్రీడీ ప్రింటింగ్‌కి బాగుంటుంది.

మాయా, త్రీడీఎస్ మ్యాక్స్ ఆటోడెస్క్ వాళ్లవి. విద్యార్థులకు ఏడాది లైసెన్స్ ఉచితంగా ఇస్తారు, అర్హత ఉన్నంత కాలం పొడిగించుకోవచ్చు, కానీ దాంతో చేసిన పని అమ్మకూడదు. గేమ్ ఆర్ట్ స్టూడియోలో ఉద్యోగమే మీ లక్ష్యమైతే ఆ స్టూడియోల ఉద్యోగ ప్రకటనలు తెరిచి ఏమడుగుతున్నారో చూసుకుని దిగండి. సొంత గేమ్ చేసుకుందామనుకునేవాళ్లకు మొదటి మెట్టుగా మాయా ఎందుకో నాకు అర్థం కాదు. ఒక దాంట్లో చెయ్యి తిరిగితే రెండోది పట్టుకోవడం పెద్ద పనేం కాదు, మారేది షార్ట్‌కట్లే, ఎక్స్‌ట్రూడ్ (ముఖాన్ని బయటికి లాగడం) ఎక్కడైనా ఎక్స్‌ట్రూడే.

ఇక బ్లెండర్. కష్టమన్న పేరు దీనికి ఊరికే రాలేదు, 2019లో 2.80 వెర్షన్ వచ్చేదాకా వస్తువును ఎంచుకోవడానికి కుడి బటన్ నొక్కాల్సి వచ్చేది, కొత్తవాళ్లకు తల తిరిగిపోయేది. 2.80తో మొత్తం మార్చేశారు. ఆ పేరు మాత్రం పోలేదు. దీని వెనక కథ కూడా బాగుంటుంది: తయారు చేసిన కంపెనీ మూతపడితే 2002లో వాడకందార్లే లక్ష యూరోలు పోగుచేసి సోర్స్ కోడ్‌ని విడిపించుకున్నారు, అప్పటి నుంచీ అది అందరిదీ. మీరు దాంతో చేసిన మోడల్ మీదే, అమ్ముకున్నా ఎవరికీ ఏమీ కట్టక్కర్లేదు. దిమ్మెల ప్రపంచం కాకుండా ఇంకేదైనా చేద్దామనుకుంటున్నవాళ్లలో పది మందికి తొమ్మిది మందికి నేను చెప్పేది ఇదే.

కానీ నా మాట మీద కూడా ఖాయం చేసుకోకండి, ఒక చిన్న పరీక్ష పెట్టుకోండి.

పరీక్ష: ఒక తోరణం

మీ ప్రపంచంలోంచి ఒక్క వస్తువు తీసుకుని, మొదటి డబ్బా పెట్టిన దగ్గర్నుంచి ఇంజిన్‌లో దాని చుట్టూ నడిచేదాకా తీసుకెళ్లండి. ఏది తీసుకోవాలో తోచకపోతే వరంగల్ కోటలోని కీర్తి తోరణం తీసుకోండి. తెలంగాణ రాజముద్రలో ఉంది కాబట్టి అందరికీ తెలిసిందే, ఫోటోలు కావలసినన్ని దొరుకుతాయి. అంతకంటే ముఖ్యంగా, మోడలింగ్‌లో ఉండే చిక్కులన్నీ ఒక్కదాంట్లో ఉన్నాయి. నిలువు స్తంభాలు, అడ్డ దూలాలు తిన్ననివి. కింది వైపు వేలాడే మొగ్గలు గుండ్రనివి. పైన హంసలు వంపులు తిరిగినవి. ఒంటినిండా చెక్కడం. ఎడమ సగం ఎలా ఉందో కుడి సగం అలాగే ఉంది. పైగా శిథిలమైపోయిన స్వయంభూ శివాలయం చుట్టూ నాలుగు దిక్కులా నాలుగు ఇంచుమించు ఒకేలాంటివి.

ముందు మనిషిని పెట్టండి. 1.7 మీటర్ల ఎత్తున్న ఒక డబ్బా, అంతే. ఈ డబ్బా పక్కన లేకుండా కట్టిన ప్రతి గేమ్ ఊళ్లోనూ తలుపులు ఏనుగులకు కట్టినట్టుంటాయి. తర్వాత ఫోటోలో మనుషులు నిలబడ్డది చూసి అంచనా కట్టి, స్తంభాలకీ దూలాలకీ ఒట్టి డబ్బాలు నిలబెట్టండి. చెక్కడం గురించి ఇప్పుడు మర్చిపోండి. బ్లెండర్‌లో దీనికి కావలసింది ఐదారు కమాండ్లే: "ఈ" అక్షరం నొక్కితే ముఖం బయటికి లాగుతుంది, "ఐ" నొక్కితే ముఖం లోపల చిన్న ముఖం వస్తుంది, కంట్రోల్-ఆర్ మధ్యలో గీత కోస్తుంది, కంట్రోల్-బి అంచును మొద్దు చేస్తుంది. ఈ చివరిది మాత్రం వదలొద్దు. ఎనిమిది వందల ఏళ్లుగా ఎండా వానా తిన్న రాయికి కత్తిలాంటి అంచు ఉండదు, ఆ కాస్త మొద్దు అంచు మీద వెలుగు పడితేనే అది రాయిలా కనిపిస్తుంది, లేకపోతే అట్టముక్కలా ఉంటుంది.

సగం తోరణమే చేయండి. మిర్రర్ మాడిఫయర్ పెడితే రెండో సగం దానంతటదే వస్తుంది, క్లిప్పింగ్ ఆన్ చేసుకోండి, లేకపోతే మధ్యలో సన్నని చీలిక మిగులుతుంది. ఒకటి పూర్తయ్యాక మిగతా మూడూ ఆల్ట్-డి కొట్టి పెట్టుకోండి, షిఫ్ట్-డి కాదు. షిఫ్ట్-డి కొడితే నాలుగూ వేరువేరు మెష్‌లవుతాయి. ఆల్ట్-డి కొడితే నాలుగూ ఒకే మెష్‌ని వాడుకుంటాయి, ఒకదాంట్లో మొగ్గ సరిచేస్తే నాలుగింట్లో సరవుతుంది. పెద్ద ప్రపంచాలు కట్టేవాళ్ల కిటుకు చాలావరకు ఇదే, వేల వస్తువులు కనిపిస్తాయి గానీ అసలు చేసినవి కొన్నే.

ఇప్పుడు చెక్కడం. ఇక్కడే కొత్తవాళ్లు ఒక్కో రేకునీ పాలిగాన్లతో చేయబోయి ఫైలుని ముంచేస్తారు. గేమ్‌లో ఆ పని టెక్స్చర్ చేస్తుంది. నార్మల్ మ్యాప్ అని ఒకటుంటుంది, ఉపరితలం చదునుగానే ఉన్నా వెలుగు దాని మీద ఎత్తుపల్లాలున్నట్టు పడేలా చేస్తుంది. ఒక్క బొమ్మలో నాలుగైదు చెక్కడపు పట్టీలు వరసగా పెట్టుకుని, స్తంభానికి ఒకటి, దూలానికి ఒకటి యూవీలు సర్ది అంటించుకుంటే మొత్తం కోటకి ఆ ఒక్క బొమ్మతోనే చాలా దూరం పోవచ్చు. దీన్ని ట్రిమ్ షీట్ అంటారు. మామూలు రాతి టెక్స్చర్లు పాలీ హేవెన్‌లో ఉచితంగా దొరుకుతాయి, సీసీ జీరో లైసెన్స్ కాబట్టి అమ్మే గేమ్‌లో కూడా వాడుకోవచ్చు. వరంగల్ దగ్గర్లో ఉన్నవాళ్లు సొంతంగా ఫోటోలు తీసుకోవడమే మేలు, కాకపోతే మబ్బు పట్టిన రోజు వెళ్లండి. మిట్టమధ్యాహ్నం ఎండలో తీస్తే చెక్కడం నీడలు ఫోటోలోనే అంటుకుపోతాయి, గేమ్‌లో మీ సూర్యుడు పడమట ఉంటే ఆ నీడలు ఇంకోవైపుకి పడుతూ ఉంటాయి.

హంసల దగ్గరికి వచ్చేసరికి అసలు తేడా తెలుస్తుంది. స్కెచప్‌లో స్తంభాలు గంటలో నిలబెట్టినవాళ్లు ఇక్కడ చేతులెత్తేస్తారు. బ్లాక్‌బెంచ్‌లో హంస దిమ్మెల హంస అవుతుంది, అది మీ గేమ్ తీరుకి సరిపోతే చాలా ముద్దుగా ఉంటుంది కూడా. బ్లెండర్‌లో స్కల్ప్ట్ మోడ్‌లోకి పోయి బంకమట్టిలా ఒత్తుకుంటూ చేసుకోవచ్చు, మొదటి హంస బాతులా వస్తుంది, పర్లేదు, అంత ఎత్తున ఉన్నదాన్ని కిందనుంచి చూస్తారు. స్కల్ప్ట్ చేసిన దాంట్లో పాలిగాన్లు విపరీతంగా ఉంటాయి, డెసిమేట్ మాడిఫయర్‌తో తగ్గించుకుని బయటికి తీయండి.

చుట్టూ పడి ఉన్న విరిగిన రాళ్లకు ఐదారు రకాలు చేస్తే చాలు. తిప్పి, బోర్లించి, చిన్నాపెద్దా చేసి వెదజల్లితే ఎవరూ కనిపెట్టలేరు.

ఇంత చేశాక మీకే తెలిసిపోతుంది ఏ సాఫ్ట్‌వేర్‌లో చెయ్యి ఎక్కడ ఆగిందో. రివ్యూలు చదివితే ఇది తెలియదు. మొదటి రోజు తేలిగ్గా ఉందా అన్నది లెక్కలోకి తీసుకోకండి, చివరిదాకా ఆగకుండా వెళ్లగలిగారా అన్నదే చూడండి.

ఇంజిన్‌లోకి దించేటప్పుడు

మోడల్ బ్లెండర్‌లో అద్దంలా ఉంటుంది, ఇంజిన్‌లో పెట్టగానే సగం గోడలు మాయం, తోరణం చీమంత. కారణాలు ఎప్పుడూ ఆ మూడు నాలుగే. ఎక్స్‌పోర్ట్‌కి ముందు కంట్రోల్-ఏ కొట్టి స్కేల్, రొటేషన్ అప్లై చేయండి, అంటే వస్తువుని పెంచిన, తిప్పిన లెక్కలు మోడల్‌లోనే ఖాయం చేయండి. బ్లెండర్‌లోనూ యూనిటీ అనే ఇంజిన్‌లోనూ గోడోలోనూ ఒక యూనిట్ అంటే మీటరు, అన్‌రియల్‌లో సెంటీమీటరు, ఎక్స్‌పోర్ట్ సెట్టింగుల్లో ఇది తేడా కొడితే వంద రెట్లు అటూ ఇటూ అవుతుంది. మాయమైన గోడలంటే ముఖాలు తిరగబడ్డాయని. పైన ఓవర్లేల మెనూలో ఫేస్ ఓరియంటేషన్ ఆన్ చేస్తే బయటివైపు ఎక్కడా ఎరుపు కనిపించకూడదు, ఎరుపు కనిపించిన ముఖం తిప్పేయండి. ఆరిజిన్ పాయింట్‌ని (వస్తువు ఎక్కడుందో కొలిచే చుక్కని) స్తంభాల పాదం దగ్గర పెట్టుకోండి, లేకపోతే ఇంజిన్‌లో పెట్టిన ప్రతిసారీ సగం నేలలో కూరుకుపోతుంది.

ఫార్మాట్ విషయానికొస్తే గోడోకి జీఎల్‌బీ, యూనిటీకీ అన్‌రియల్‌కీ ఎఫ్‌బీఎక్స్ అని గుర్తుంచుకుంటే ప్రస్తుతానికి చాలు. ఆటగాడు స్తంభంలోంచి దూసుకుపోకుండా ఉండాలంటే కొలిజన్ కావాలి. గోడోలో అయితే బ్లెండర్‌లోనే ఆ వస్తువు పేరు చివర హైఫన్ పెట్టి సీ, ఓ, ఎల్ అని తగిలిస్తే దించుకునేటప్పుడు దానంతటదే తయారవుతుంది.

నేలని మాత్రం బ్లెండర్‌లో చేయకండి. కొండలు, గుట్టలు, కాలిబాటలు ఇంజిన్‌లోనే లేపుకోవాలి, అన్‌రియల్‌కి ల్యాండ్‌స్కేప్ ఉంది, యూనిటీకి టెరెయిన్ ఉంది, గోడోకి టెరెయిన్ త్రీడీ అనే ఉచిత ప్లగిన్ ఉంది. బ్లాక్‌అవుట్ (డబ్బాలతో వేసే ముతక నమూనా) కూడా అక్కడే చేసుకోవచ్చు, యూనిటీలో ప్రోబిల్డర్, గోడోలో సీఎస్‌జీ నోడ్స్, అన్‌రియల్‌లో మోడలింగ్ మోడ్ ఉన్నాయి. ఒట్టి డబ్బాలతో కోట అంతా నిలబెట్టి, అందులో పరుగెత్తి చూసి, ఏ గోడ దాకా ఆటగాడు వస్తాడో తేలాకే ఆ గోడకి వివరం చేయండి. ఎవరూ పోని మూలకి వారం పెట్టడం దేనికి?

నేర్చుకోవడానికి ఫీజు కట్టాలా అంటే, మొదట్లో అక్కర్లేదు. యూట్యూబ్‌లో బ్లెండర్ గురు చేసే డోనట్ వీడియోలు ఇంగ్లిష్‌లో ఉన్నా చూసి అర్థం చేసుకోవచ్చు, బటన్లు ఎక్కడున్నాయో చేతికి తెలిసిపోతుంది. అయితే డోనట్ రెండర్ కోసం చేసేది, గేమ్ కోసం కాదు, కాబట్టి మోడలింగ్ భాగాలు చూసి మిగతావి వదిలేసినా నష్టం లేదు. ఏ వీడియో అయినా మొదలుపెట్టేముందు వెర్షన్ చూసుకోండి, 2.80కి ముందుది అయితే మూసేయండి, అందులో చెప్పిన బటన్లు మీ దగ్గర ఉండవు. కోర్సులో చేరాలనే అనుకుంటే అడగాల్సింది ఎన్ని సాఫ్ట్‌వేర్లు నేర్పుతారని కాదు, విద్యార్థులు చేసిన మోడల్స్ ఇంజిన్‌లో నడుస్తుంటే చూపించమనండి. రెండర్ చేసిన బొమ్మలు గోడకి అంటించి చూపిస్తే లేచి వచ్చేయండి.

తోరణం అయ్యాక రెండో పని కోట గోడ. దీన్ని ఒకే పొడవాటి మెష్‌గా చేయొద్దు, 4 మీటర్ల ముక్కలుగా చేసి గ్రిడ్‌కి అతుక్కునేలా పెట్టుకోండి: తిన్నని ముక్క, కూలిపోయిన ముక్క, ద్వారం ఉన్న ముక్క, బురుజు. లోపలి మూలకి ఒకటి, బయటి మూలకి ఒకటి విడిగా చేయాలి, రెండిటికీ ఒకటే వాడదామని చూస్తే రాళ్ల వరస ఎక్కడో ఒక చోట తప్పుతుంది.